హెల్మెట్ ఇచ్చారు సరే... తలకు కుదిరిందా?

ఏప్రిల్, మే వచ్చిందంటే బళ్లారి, రాయచూరుల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. స్లాబు మీద ఇనుము కట్టే పని మాత్రం ఆగదు. ఇక్కడా, బెంగళూరు, హోసూరు సైట్లలోనూ మన తెలుగు కూలీలు, మేస్త్రీలు చాలామందే ఉన్నారు. పైనుంచి ఎవరైనా పడితే సైటులో వినిపించే మాట ఒకటే: "హెల్మెట్ ఇచ్చాం, వాడే పెట్టుకోలేదు." ఎందుకు పెట్టుకోలేదని అడిగేవారు తక్కువ. జవాబు రెండు ముక్కల్లో ఉంది. ఒకటి సైజు, రెండోది ఎండ.

అందరికీ ఒకే సైజా?

హెల్మెట్ లోపలి పట్టీలకూ పైడిప్పకూ మధ్య ఉండే ఖాళీయే దెబ్బ తీవ్రతను తగ్గిస్తుంది. వదులుగా ఉందని అందులో టవలు కుక్కితే ఆ రక్షణ పోయినట్టే. గడ్డం పట్టీ లేకపోతే వంగగానే జారిపడుతుంది. సేఫ్టీ బెల్టు తొడపట్టీలో అరచెయ్యి దూరాలి, పిడికిలి దూరకూడదు. గ్లౌజులు పెద్దవైతే రాడ్డు పట్టు జారుతుంది. ఇక ఆడకూలీల సంగతి. కొప్పు మీద హెల్మెట్ నిలవదు, తట్ట మోయాలంటే అసలు కుదరదు. వాళ్లకు తోపుడుబండో, లిఫ్టో ఏర్పాటు చేయడమే దారి.

ఎండతోనే చిక్కు

చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. మందపాటి బట్టలు, బూట్లు, బెల్టు ఆ చెమటను ఆరనివ్వవు. అందుకే కూలీ వాటిని విప్పి పక్కన పడేస్తాడు. సామాను ఇచ్చినవారు నీడ, నీళ్లు, విరామం కూడా ఇవ్వకపోతే ఆ సామాను మూలకు చేరుతుంది. ఎండలో పనిచేసేవారు దాహం వేసేదాకా ఆగకుండా 15-20 నిమిషాలకోసారి గ్లాసు నీళ్లు తాగాలి. మరుగుదొడ్డి లేని సైటులో ఆడవాళ్లు నీళ్లు తాగడమే మానేస్తారు. కాబట్టి మరుగుదొడ్డి కూడా వడదెబ్బ నివారణలో భాగమే.

ఊరి నుంచి కొత్తగా దిగినవారికి మొదటి వారమే గండం. ఒళ్లు ఎండకు అలవాటు పడడానికి వారం, రెండు వారాలు పడుతుంది. తొలిరోజు ఎండలో ఐదోవంతు పనే ఇచ్చి, రోజూ కొంచెం కొంచెం పెంచాలని నిపుణుల సూచన. మనిషి తూలుతూ పొంతన లేకుండా మాట్లాడితే తాగొచ్చాడని వదిలేయొద్దు. అది వడదెబ్బ కావచ్చు, చెమట పడుతున్నా సరే. వెంటనే నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్లు పోసి విసరాలి. మెడ, చంకల్లో ఐసు పెట్టాలి. 108కి ఫోను చేయాలి. స్పృహ లేకుంటే నోట్లో నీళ్లు పోయకూడదు.

చట్టం ఏమంటోంది?

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తిభద్రత కోడ్ ప్రకారం, భద్రత కోసం చేసే ఏర్పాట్లకు కూలీ దగ్గర డబ్బు వసూలు చేయకూడదు. కానీ పదిమంది లోపు పనిచేసే చిన్న ఇళ్ల పనులు సాధారణంగా దాని పరిధిలోకి రావు. తెలుగు కూలీలు అలాంటి చోట్లా పనిచేస్తుంటారు. తమిళనాడు 2024లో వడగాలులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. సాయం అందాలంటే మాత్రం చావుకు కారణం వడదెబ్బేనని కాగితం మీద పడాలి. సైటులో హెచ్చరిక బోర్డులు కన్నడంలోనో, తమిళంలోనో ఉంటాయి. ఊరి నుంచి వచ్చినవాడు వాటిని చదవలేడు. రెండు భాషలూ వచ్చిన మేస్త్రీయే పొద్దున పనిలోకి దిగేముందు ఐదు నిమిషాలు చెప్పాలి, పట్టీలు తన చేత్తో బిగించి చూడాలి.

తనిఖీకి వచ్చే అధికారులు కొనుగోలు బిల్లులు చూసి వెళ్లిపోతే లాభం లేదు. మధ్యాహ్నం రెండు గంటలకు వచ్చి, ఎన్ని హెల్మెట్లు తలల మీద ఉన్నాయో, ఎన్ని మూలన పడి ఉన్నాయో లెక్కపెట్టాలి.