మంద్రస్థాయి

సంగీతంలో స్థాయిలు మూడు: మంద్రం, మధ్యమం, తారం. మన సంసారాల్లోనూ ఈ మూడూ వున్నాయి. పిల్లలది తారస్థాయి. ఇల్లాలిది మధ్యస్థాయి. (ఈ మాట మా యింట్లో అనను. ఇక్కడ రాస్తున్నానంతే.) ఇంటి పెద్దది మంద్రస్థాయి. ఆయన వున్నన్నాళ్ళూ ఆయన గొంతు ప్రత్యేకించి వినిపించదు. లేనినాడు మాత్రం, అన్నీ యథాప్రకారం జరుగుతున్నా, ఇంట్లో యేదో వెలితిగా వుంటుంది.

కార్లలో కంపెనీవారు బిగించి ఇచ్చే స్టీరియో కూడా పెద్దదిక్కు లేని సంసారంలాంటిదే. గాయకుడి గొంతు వినిపిస్తుంది, వయొలిన్ వినిపిస్తుంది, తాళాలు గణగణ మోగుతాయి. అడుగున వుండవలసిన గంభీరనాదం మాత్రం బొత్తిగా వుండదు. దాన్ని తెచ్చిపెట్టే ప్రత్యేకమైన స్పీకరునే సబ్‌వూఫరంటున్నారు. తెలుగు మాస్టారికి ఈ సబ్‌వూఫరుతో పనేమిటని తమరు అడగవచ్చు. చిత్తగించండి.

మా మేనల్లుడు ఈ మధ్య ఒక చిన్న కారు కొన్నాడు. వాళ్ళ నాన్న, అంటే మా బావగారు, మృదంగం వాయించేవారు. దేశమంతా యెరిగిన విద్వాంసులేమీ కారు. శ్రీరామనవమి పందిళ్ళలో హరికథలకు పక్కవాద్యం, దసరాల్లో నాలుగు కచ్చేరీలు. వీడికి యేడేళ్ళప్పుడే ఆయన పోయారు. ఆయన వాయిద్యం మిగిలింది ఒకే ఒక్క కాసెట్టులో. తెనాలి దగ్గర ఒక పల్లెలో, 1994 శ్రీరామనవమికి, యెవరో పుణ్యాత్ములు పట్టింది. వీడు దాన్ని పెన్‌డ్రైవులోకి యెక్కించి, కొత్త కారులో మొట్టమొదట అదే పెట్టాడు. కాసేపు విని, “మామయ్యా, నాన్న ఒక్క చేత్తోనే వాయించేవాడా?” అన్నాడు.

హాస్యానికే అన్నాడు లెండి. నాకు మాత్రం నవ్వు రాలేదు. యెందుకంటే వాడన్నది నిజం. కుడిచేతి చాపులన్నీ టకటకమని వినిపిస్తున్నాయి. యెడమచేయి లేదు.

మృదంగానికి యెడమవైపు మూతను తొప్పి అంటారు. కచ్చేరీకి ముందు బొంబాయిరవ్వ తడిపి ముద్దచేసి దాని నడుమ అంటిస్తారు. మా అక్కయ్య వంటింట్లోంచి రవ్వ పొట్లం కట్టి ఇవ్వడం నాకింకా జ్ఞాపకమే. బరువు పెరిగినకొద్దీ చర్మం నిదానంగా కంపిస్తుంది, కంపనం నిదానించినకొద్దీ నాదం కిందికి దిగుతుంది. ఉప్మాలో పడవలసిన రవ్వకు మృదంగంలో పని ఇదన్నమాట. ఆ నాదాన్నే కారు మింగేసింది.

ఇందులో కంపెనీవారి కుట్ర యేమీ లేదు. ప్రకృతి ధర్మం అలాంటిది. మన చెవి సెకనుకు ఇరవై కంపనాల నుంచి ఇరవై వేల కంపనాల దాకా వింటుంది. సెకనుకో కంపనాన్ని హెర్ట్జు అంటారు. వెయ్యి హెర్ట్జుల శబ్దతరంగం పొడవు జానెడున్నర. 40 హెర్ట్జుల తరంగం పొడవు యెనిమిదిన్నర మీటర్లు, అంటే కారుకు రెండింతలు! ఇంకో చిక్కు చూడండి. ఒక స్వరాన్ని అంతే బిగ్గరగా ఒక స్థాయి కిందికి దించి వినిపించాలంటే స్పీకరు కాగితం నాలుగింతలు ముందుకూ వెనక్కూ ఊగాలి. రెండు స్థాయిలు దిగితే పదహారింతలు. తలుపులో ఇమిడిన ఆరున్నర అంగుళాల స్పీకరు అంత ఊగలేదు, ఊగితే చిరుగుతుంది. అందుచేత కొన్ని కార్ల స్టీరియోలు మనం శబ్దం పెంచినకొద్దీ మంద్రాన్ని లోలోపలే తగ్గిస్తాయి. స్పీకరు బతకాలి గదా!

శక్తి సంగతి కూడా అంతే. పెట్టెమీద “50 వాట్లు, నాలుగు స్పీకర్లకు” అని రాసి వుంటుంది. అది ఒక్క క్షణం యెగిరే గంతు. కారు బేటరీ ఇచ్చేది పన్నెండు వోల్టులు, ఇంజను నడుస్తున్నప్పుడు పధ్నాలుగు. ఆ వోల్టులతో మామూలు స్టీరియో ఒక్కొక్క స్పీకరుకు నిలకడగా ఇవ్వగలిగేది పదిహేను, ఇరవై వాట్లే. పైగా రోడ్డుమీద టైర్ల హోరు, ఇంజను హోరు వుంటాయి. ఆ హోరులో అధికభాగం మంద్రంలోనే వుంటుంది కనుక, ఆ వచ్చిన కాస్త తొప్పినాదాన్నీ కప్పేస్తుంది.

“స్టీరియో తీసేసి కొత్తది పెట్టిద్దాం మామయ్యా” అన్నాడు వాడు. అక్కర్లేదన్నాను. ఈ కాలపు కార్లలో స్టీరియో ఒంటరిది కాదు. వెనక్కి వచ్చేటప్పుడు దారి చూపే కెమెరా, స్టీరింగు మీది మీటలు, ఇంకా యేమేమో దానితో ముడిపడి వుంటాయి. దాన్ని వున్నచోటనే వుంచి, వెనక స్పీకర్ల తీగల నుంచి సంకేతం తీసుకోవచ్చు. స్పీకరు తీగను నేరుగా పుచ్చుకునే యాంప్లిఫయర్లు వున్నాయి. లేదా ఆ బలమైన సంకేతాన్ని యాంప్లిఫయరుకు తగినట్టు తగ్గించి ఇచ్చే చిన్న డబ్బా దొరుకుతుంది. సీటుకింద దూరే పలచని సబ్‌వూఫర్లు కూడా వస్తున్నాయి, యాంప్లిఫయరు వాటి కడుపులోనే వుంటుంది. డిక్కీలో పెద్ద పెట్టె పెడితే నాదం ఇంకా దిగువకు పోతుందిగాని, అక్కయ్య ఆవకాయ జాడీలు యెక్కడ పెట్టాలి? అందుకని సీటుకింది దానికే మొగ్గాం.

బెజవాడలో మొదట వెళ్ళిన దుకాణంలో ఒక కుర్రవాడు చకచకా లెక్క చెప్పాడు. బేటరీ దగ్గర నుంచి తీగ లాగుతానన్నాడు. “బేటరీ దగ్గర ఫ్యూజు వేస్తావా నాయనా?” అన్నాను. “ఫ్యూజెందుకు సార్? యాంపులో వుందిగా!” అన్నాడు.

పాఠకులు దయచేసి ఇక్కడ కాస్త ఆగాలి. ఈ వ్యాసమంతటిలో ప్రాణానికి సంబంధించిన మాట ఇదొక్కటే. యాంప్లిఫయరులోని ఫ్యూజు కాపాడేది యాంప్లిఫయరును. బేటరీ నుంచి సీటుకిందికి వచ్చే మూడు నాలుగు మీటర్ల తీగను కాపాడేదెవరు? ఆ తీగ ఇంజను గదికీ మనకూ నడుమ వున్న ఇనప రేకులోంచి దూరి వస్తుంది. కారు కుదుపులకు రేకు అంచు తీగ తొడుగును కొద్దికొద్దిగా కోస్తుంది. ఒకనాడు రాగి ఇనుమును తాకుతుంది. ఇంజనును తిప్పడం కోసం వందల ఆంపియర్లు కుమ్మరించగల బేటరీ ఆ క్షణాన తన శక్తినంతా ఆ తీగలోకి వదులుతుంది. తీగ యెర్రబడి, పక్కనున్న తివాచీ అంటుకుంటుంది. యాంప్లిఫయరులోని ఫ్యూజుకు ఈ సంగతే తెలియదు.

కాబట్టి బేటరీకి మూరెడులోపు, తీగ మందానికి తగిన ఫ్యూజు వుండి తీరాలి. రేకు రంధ్రంలో రబ్బరు బిళ్ళ వుండాలి. దుకాణం కుర్రవాడితో వాదన పెట్టుకోక, నమస్కారం చెప్పి బయటపడ్డాం.

ఆటోనగర్లో ఒక పెద్దాయన దొరికాడు. లారీల కరెంటు పనులతో తలపండినవాడు. ఫ్యూజు మాట యెత్తకముందే తీసి చూపించాడు. “ఇది లేకుండా మా చేతిమీదుగా బండి బయటికి పోదు మాస్టారూ” అన్నాడు. ఆయన పని చూస్తుంటే ముచ్చటేసింది. స్పీకరు తీగలు కోయకుండా, కంపెనీ కప్లరుకు సరిపడే మరో కప్లరు మధ్యన తగిలించాడు. తీగలు కోస్తే రేపు కారు కరెంటు చిక్కులకు వారంటీ లేదు పొమ్మనవచ్చు. కరెంటు తీగను ఒకవైపు నుంచీ, పాట తీగలను రెండోవైపు నుంచీ తెచ్చాడు. రెండూ పక్కపక్కన నడిస్తే ఒకదాని రొద రెండోదానికి అంటుకుంటుందట. ఎర్తుకోసం సీటుకింద బోల్టు దగ్గర రంగు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్దాడు. “రంగుమీద బిగిస్తే యెర్తుండదండి, ఈల వుంటుంది” అన్నాడు.

తరవాత సుతి చేయడం. సబ్‌వూఫరుకు మూడు మీటలుంటాయి. ఒకటి, యెంత కింది నాదాలను మాత్రమే దీనికి పంపాలో నిర్ణయించేది. దాన్ని 80 హెర్ట్జుల దగ్గర పెట్టాడు. యింతకంటె బాగా పైకి జరిపితే సీటుకింది నుంచి మగవాళ్ళ గొంతు వినిపిస్తుంది, దయ్యం పట్టినట్టు. రెండోది గెయిన్. దీన్ని చాలామంది శబ్దం పెంచే మీట అనుకుని చివరిదాకా తిప్పుతారు. కాదు. స్టీరియో పంపే సంకేతానికీ యాంప్లిఫయరుకూ పొంతన కుదిర్చే మీట అది. అతిగా తిప్పితే నాదం చీలి, స్పీకరు తీగచుట్ట మాడుతుంది. మూడోది సబ్‌వూఫరు ముందుకు కదిలినప్పుడు తలుపు స్పీకర్లు కూడా ముందుకే కదిలేలా చూసేది. అటూ ఇటూ మార్చి, యెటువైపు మంద్రం నిండుగా వుంటే అటు వుంచాలి. ఒకరు ముందుకు తోస్తుంటే ఇంకొకరు వెనక్కి లాగితే బండి కదులుతుందా?

అంతా అయ్యాక ఆ కాసెట్టు పెట్టాడు మావాడు. తొప్పి పలికింది! గుంకీలు దొర్లుకుంటూ వచ్చాయి. అయితే దానితోపాటు ‘హుం’ అని ఒక రొద కూడా వచ్చింది. మావాడి మొహం మాడిపోయింది. “యెర్తు సరిగా లేదేమో మేస్త్రీ గారూ!” అన్నాడు.

పెద్దాయన తొణకలేదు. ఇంజను ఆపమన్నాడు. రొద పోలేదు. ఇంజను నడిపి, రేసు పెంచమన్నాడు. రొద స్వరం మారలేదు. వేరే పాట పెట్టమన్నాడు. రొద మాయం. “కారుది కాదు బాబూ. కారుదైతే ఇంజనుతోపాటు ఈల పైకి పోద్ది. ఇది కాసెట్టులోనే వుంది” అన్నాడు. అదీ నిజమే. మన ఇళ్ళలో కరెంటు సెకనుకు యాభై మార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆనాటి పందిట్లో మైకుసెట్టు ఆ ఊగులాటను కూడా టేపులోకి యెక్కించింది. ఇన్నాళ్ళూ దాన్ని వినిపించగల స్పీకరు లేక వినిపించలేదు, అంతే.

“ఆ యాభై దగ్గర కోసేద్దాం మామయ్యా” అన్నాడు మావాడు. కోయవచ్చు. కాని ఆ కోతలో తొప్పి అడుగుభాగం కూడా కొంత తెగుతుంది. యేం చేద్దామని వెనక సీట్లో వున్న అక్కయ్యవైపు చూశాను. ఆవిడ అప్పటిదాకా కళ్ళు మూసుకుని వింటోంది.

“వుండనీరా తమ్ముడూ. ఆ మైకువాడు ఆ రోజంతా ఆ గోలే పెట్టాడు. మీ బావగారు కథ మధ్యలో కూడా వాణ్ణి కసురుతూనే వున్నారు” అంది.

వుండనిచ్చాం. సబ్‌వూఫరు లేనిది సృష్టించదు. టేపులో యెక్కనిదాన్ని యే వేలూ పోసినా తెచ్చివ్వలేదు. యెక్కినదాన్ని మాత్రం మంచీ చెడూ చూడకుండా తెచ్చిస్తుంది. కొనబోయేవారు ఈ సంగతి ముందే తెలుసుకుంటే అసంతృప్తి వుండదు.

ఇక రెండు మాటలు చెప్పి ముగిస్తాను. మొదటిది ఇరుగుపొరుగు గురించి. పొడుగాటి తరంగాలకు గోడలు లెక్కలేదు. మీ కారులోని పాట పక్కింటివారికి పాటగా చేరదు, గుండెమీద రోకటిపోటుగా చేరుతుంది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాసప్రాంతంలో పగలు 55 డెసిబెల్సు, రాత్రి 45 హద్దు. రాత్రంటే పదింటి నుంచి ఆరింటి దాకా. పరీక్షలకు చదువుకునే పిల్లలకూ, నిద్రపట్టని ముసలివారికీ యే నియమమూ చెప్పకుండానే మనం తగ్గించవచ్చు.

రెండోది మన చెవి గురించి. 85 డెసిబెల్సు శబ్దం రోజుకు యెనిమిది గంటలకు మించి వినరాదని వైద్యులంటారు. అక్కణ్ణుంచి ప్రతి మూడు డెసిబెల్సుకూ ఆ కాలం సగమవుతుంది. 88 అయితే నాలుగు గంటలు, 91 అయితే రెండే. తలుపులు మూసిన కారు చిన్న గది కనుక మంద్రం తనంతట తానే అందులో బలపడుతుంది. కాబట్టి కొద్దిపాటి సబ్‌వూఫరు చాలు. అది వున్నదని తెలియకూడదు, ఆపితే మాత్రం తెలియాలి. సరిగా అమరిందో లేదో చూసుకోవడానికి ఇంతకంటె మంచి పరీక్ష లేదు.

డబ్బు తక్కువైతే చిన్నది కొనండి, లేదా వచ్చే యేడు కొనండి. ఫ్యూజు దగ్గర మాత్రం పొదుపు చేయకండి.