లొట్టి కల్లూ, గిటారు పాటా

"కల్లు మీద వ్యాసమా? బీరు మీద రాయి గురూ, అదైతే కల్చర్" అన్నాడు ఈ సంచిక పని చూస్తున్న మిత్రుడొకడు. ఆ ఒక్క ముక్కే నాచేత ఈ నాలుగు మాటలూ రాయిస్తోంది. తాగమని ఎవరికీ చెప్పడం లేదు. లెక్చరర్లు కంగారు పడనక్కర్లేదు.

నా క్లాస్‌మేట్ ఒకడు శనివారాలు మాదాపూర్ వైపు ఒక మైక్రోబ్రూవరీలో గిటారు వాయిస్తూ పాడతాడు. గది అద్దె ఆ డబ్బుతోనే. అక్కడికక్కడే బీరు పులియబెట్టి, సీసాకెక్కించకుండా గ్లాసులో పోసే ఈ షాపులకు తెలంగాణలో 2015లో నియమాలొచ్చాయి. మొన్న నన్నూ తీసుకెళ్ళాడు. బీరులో ఏ మాల్టు, ఏ హాప్స్ వేశారో అట్ట మీద అచ్చువేసి పెట్టారు. పాడేవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు. వాడు చరణంలో ఉండగా క్రికెట్ మ్యాచ్ మొదలైంది. కౌంటర్ దగ్గర్నుంచి ఎవరో చెయ్యి ఊపారు. వాడు ఆపేశాడు. చప్పట్లు కొట్టింది నేనొక్కణ్ణే, అదీ ఆలస్యంగా.

రాత్రి చిక్కడపల్లి మెట్రోలో దిగి అశోక్‌నగర్ వైపు నడుస్తూ వాళ్ళ తాత సంగతి చెప్పాడు. నల్లగొండ జిల్లాలో గీత కార్మికుడాయన. మోకు వేసుకుని తాటిచెట్టెక్కి, గెల గీసి, లొట్టి కట్టి దిగాలి. తెల్లారి మళ్ళీ ఎక్కాలి. కల్లులో ఎవరూ ఈస్టు వెయ్యరు. గాలిలో ఉన్నదీ, లొట్టిలో ఉన్నదీ చాలు. పొద్దున తియ్యన, సాయంత్రానికి పులుపు. నిలవుండదు, దూరం పోదు. చేతిపని అంటే ఇంతకంటే ఏముంటుంది?

"మా తాత ముందర పాట మధ్యల ఆపితే ఊకుంటడా? కథ ఒడువకముందే ఎట్ల లేస్తవ్‌రా అంటడు" అన్నాడు.

ఆ కథ సర్వాయి పాపన్నది. కల్లుగీత కులంలో పుట్టి, మొగలాయిల మీద తిరగబడి, 1708లో ఓరుగల్లును కొల్లగొట్టినవాడు. జనం పాడుకునే ఆ పాటను 1874లోనే జె.ఎ. బాయిల్ అనే దొర ఇండియన్ యాంటిక్వరీ పత్రికకెక్కించాడు. గౌడుల ఇలవేల్పు ఎల్లమ్మ కథకు బైండ్లవాళ్ళ జమిడిక ఉంది. కల్లుకీ పాటకీ చుట్టరికం నిన్నటిది కాదన్నమాట. త్యాగరాయ గానసభ చుట్టుపక్కల తిరిగే మనకు ఇవి సంగీతంగా కనబడవు, అంతే.

కల్లును నెత్తికెత్తుకోవడం లేదు నేను. నగరంలో 2004లో మూయించిన కల్లు దుకాణాలను 2014లో మళ్ళీ తెరిపించారు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు ప్రాణాలే తీసింది. దాన్ని వెనకేసుకు రాలేం. కాని మత్తుమందు కలిపినవాడి పాపాన్ని చెట్టెక్కేవాడికీ, పాటకీ ఎందుకు అంటగడతాం? (బీరు తాగి బండి నడిపేవాణ్ణి చూసి గిటారును ఎవరూ తప్పుపట్టరు కదా!)

అసలు గొడవ ఇక్కడుంది. రాబోయే కాలేజీ డేలో పాపన్న పాట పాడతానని మావాడు పేరిచ్చాడు. "కల్లు మాటుంది, అతిథులేమనుకుంటారో, ఏదైనా ఇంగ్లీషు పాట పాడరాదూ" అన్నారు కమిటీ మిత్రులు. ఆ ఇంగ్లీషు పాటల్లో విస్కీ ఎన్నిసార్లొస్తుందో వాళ్ళు లెక్కపెట్టారా? యూనియన్ సభ్యుడిగా అడుగుతున్నాను, వాడికి పది నిమిషాలివ్వండి. మధ్యలో ఎవరూ చెయ్యి ఊపకుండా చూడండి. తాత కూడా వస్తానన్నాడట. ముందు వరసలో ఒక కుర్చీ ఉంచండి.