ప్లేస్టేషన్‌లో పెళ్లి వీడియో

మీనా సల్మాన్ నుంచి రాస్తున్నాను.

ముందుగా ఈ పేరు సంగతి చెప్తాను. తెలుగులో మీనం అంటే చేప. అందుకని మీనా సల్మాన్ అనగానే ఏదో చేపల ఊరు అనుకోకండి. అరబ్బీలో మీనా అంటే రేవు, అంటే ఓడలు ఆగే చోటు. 1942 నుంచి 1961 వరకు బహ్రెయిన్‌ను ఏలిన షేక్ సల్మాన్ పేరు ఈ రేవుకు పెట్టారు. 1962లో రేవు తెరిచారు. 2009లో సరుకు ఓడల పని హిద్ద్ దగ్గర కట్టిన ఖలీఫా బిన్ సల్మాన్ పోర్టుకు మారింది. ఓడల మరమ్మతు పని మాత్రం ఇప్పటికీ ఇక్కడ ఉంది. ఆ పని చేసేవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నాం.

మీ తాతముత్తాతలు కూడా ఒక రేవులో ఓడ ఎక్కి, ఇంకో రేవులో దిగినవారే. కాకినాడ దగ్గర కోరంగి అనే పాత రేవు ఉంది. ఆ రేవు పేరు మీదే బర్మాలో, మారిషస్‌లో తెలుగువాళ్లను కోరంగీలు అన్నారు. మద్రాసులో బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అలా నటాల్‌కు వచ్చిన కూలీల పేరు, వయసు, ఊరు, ఒంటి మీద మచ్చలు కూడా అప్పటి అధికారులు పుస్తకాల్లో రాసుకున్నారు. ఆ పుస్తకాల్లో లేనిది ఒక్కటే, వాళ్ల గొంతు. వాళ్లు నవ్వితే ఎలా ఉండేదో, పిల్లల్ని ఏమని పిలిచేవారో మనం వినలేం.

ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. ప్రతి ఇంట్లో ఫోను ఉంది. పెళ్లి, పండగ, పేరంటం అన్నీ వీడియో తీస్తాం. తీసినదాన్ని కంప్యూటర్లో దాస్తాం. ఆ తర్వాత ఎవరూ చూడరు! ఈ నెల నేను చెప్పేది ఆ వీడియోల గురించే.

మా గదిలో ఆరుగురం ఉంటాం. అందరిలో పెద్దవాడు శ్రీకాకుళం జిల్లా సోంపేట వైపు మనిషి. మేమంతా ఆయన్ను పెద్దన్న అంటాం. మొన్న ఆయన కూతురి పెళ్లి జరిగింది. సెలవు దొరకలేదు. పెళ్లి రోజు కూడా పెద్దన్న పనికి వెళ్లాడు. ఫోనులో చిన్న చిన్న ముక్కలు చూశాడు, అంతే. నెల తర్వాత ఊరి నుంచి వచ్చిన ఒకతను పెళ్లి వీడియో మొత్తం హార్డ్ డిస్కులో తెచ్చి ఇచ్చాడు. మూడు గంటల వీడియో.

పెద్దన్న దాన్ని ఫోనులో చూడనన్నాడు. "పెళ్లి ఒక్కడినే కూర్చుని సూసేదేటి? అందరం సూద్దాం" అన్నాడు. గదిలో పాత టీవీ ఉంది. నా దగ్గర లాప్‌టాప్ ఉంది. కానీ దానిలో టీవీకి తీగ పెట్టే హెచ్‌డీఎంఐ రంధ్రం విరిగిపోయి ఏడాది అయింది.

అప్పుడు కరీంనగర్ తమ్ముడు తన ప్లేస్టేషన్ 3 చూపించాడు. శుక్రవారం సెలవు కదా, ఫుట్‌బాల్ ఆట ఆడుకోవడానికి దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు.

పెద్దన్న నవ్వాడు. "ఇది ఆటలాడుకునేది కదేటి? ఇందులో పెళ్లెలాగొస్తాది?"

"వస్తది పెద్దన్నా. నువ్వు జర ఆగు" అన్నాడు తమ్ముడు.

అతను చెప్పింది నిజమే. 2003లో సోనీ, ఇంటెల్ లాంటి కంపెనీలు కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయి. దాన్ని డీఎల్‌ఎన్‌ఏ అంటారు. ఒక కంపెనీ కంప్యూటర్లో ఉన్న వీడియోను ఇంకో కంపెనీ పరికరం చూపించడానికి వీలుగా అందరూ ఒకే పద్ధతి పాటించాలని దాని అర్థం. ఫిజీలో అగ్రిమెంట్ అనే ఇంగ్లీషు మాట కూలీల నోట్లో నలిగి గిర్మిట్ అయిన సంగతి మీకు తెలుసు. మనుషుల గిర్మిట్ వేరు. ఇది యంత్రాల గిర్మిట్ అనుకోండి. కంప్యూటర్ వడ్డిస్తుంది, ప్లేస్టేషన్ తింటుంది. వీడియో కంప్యూటర్లోనే ఉంటుంది. టీవీలో ఆడుతుంది. దీనికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. రెండూ ఒకే రౌటర్‌కు కలిసి ఉంటే చాలు.

"పెన్ డ్రైవ్‌లో వేసి పెట్టొచ్చు కదా" అని మీరు అడగవచ్చు. మేమూ అదే అనుకున్నాం. ప్లేస్టేషన్ 3 చదివే పెన్ డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉండాలి. ఆ పద్ధతిలో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. మా పెళ్లి వీడియో 6 జీబీ. పట్టలేదు.

ఇక పని మొదలుపెట్టాం. లాప్‌టాప్‌లో విండోస్ ఉంది. దానిలో మీడియా స్ట్రీమింగ్ అనే సౌకర్యాన్ని ఆన్ చేశాం. వీడియోను వీడియోస్ ఫోల్డర్‌లో పెట్టాం. ప్లేస్టేషన్‌లో సెట్టింగ్స్‌కు వెళ్లి, నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో మీడియా సర్వర్ కనెక్షన్‌ను ఆన్ చేశాం. తర్వాత వీడియో వరుసలో 'సెర్చ్ ఫర్ మీడియా సర్వర్స్' అనే చోట నొక్కాం. ఏమీ దొరకలేదు.

మొదటి చిక్కు అది. మా వైఫైని విండోస్ 'పబ్లిక్' అనుకుంటోంది. అంటే బస్టాండు లాంటి చోట ఉన్నామని దాని భయం. అందుకే తలుపు తీయడం లేదు. 'ప్రైవేట్' అని మార్చగానే లాప్‌టాప్ పేరు టీవీలో కనబడింది.

రెండో చిక్కు, వీడియో తెరుచుకోలేదు. దాన్ని కొత్త ఫోనుతో తీశారు. ఈ మధ్య ఫోన్లు చాలావరకు హెచ్‌ఈవీసీ అనే పద్ధతిలో వీడియో దాస్తాయి. అలా దాస్తే ఫైలు చిన్నదవుతుంది. ప్లేస్టేషన్ 3 పుట్టింది 2006లో. హెచ్‌ఈవీసీ పుట్టింది 2013లో. తర్వాత పుట్టిన భాష ముందు పుట్టినదానికి రాదు కదా! హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. దానితో వీడియోను హెచ్.264 పద్ధతిలోకి, ఎంపీ4 ఫైలుగా మార్చాం. నా పాత లాప్‌టాప్‌కు రాత్రంతా పట్టింది. ఫైలు 7 జీబీ అయింది.

మూడో చిక్కు, బొమ్మ ఆగి ఆగి వచ్చింది. పెళ్లికూతురు బుట్టలో కూర్చుంది, మేనమామలు బుట్ట ఎత్తారు, అక్కడే ఆగిపోయింది. పెద్దన్న "దించండ్రా, సేతులు నొప్పెడతాయి" అన్నాడు. అందరం నవ్వాం. తప్పు వైఫైది. వీడియో లాప్‌టాప్ నుంచి రౌటర్‌కు గాలిలో వెళ్తుంది. మళ్లీ రౌటర్ నుంచి ప్లేస్టేషన్‌కు గాలిలో వస్తుంది. మా బిల్డింగులో గదికో వైఫై. దారి ఇరుకైంది. మర్నాడు బజారులో రెండు లాన్ కేబుళ్లు కొన్నాం. లాప్‌టాప్ నుంచి రౌటర్‌కు ఒకటి, రౌటర్ నుంచి ప్లేస్టేషన్‌కు ఒకటి పెట్టాం. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆగలేదు.

శుక్రవారం రాత్రి అందరం స్నానాలు చేసి కూర్చున్నాం. పక్క గదివాళ్లు కూడా వచ్చారు. పెద్దన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు.

చివర్లో అప్పగింతలు వచ్చాయి. పెళ్లికూతుర్ని అత్తవారికి అప్పగించే ఘట్టం అది. తండ్రి ఉండాల్సిన చోట పెద్దన్న తమ్ముడు నిలబడ్డాడు. పక్కనుంచి వాళ్లమ్మ వచ్చి ఫోనులోకి చూసి మాట్లాడింది.

"నాయినా, పిల్లని పంపించేత్తన్నాం. నీ బదులు నీ తమ్ముడు సెయ్యెట్టాడు. నువ్వు బెంగెట్టుకోకు."

గదిలో చప్పుడు లేదు. కాసేపటికి కరీంనగర్ తమ్ముడు మెల్లగా అడిగాడు. "పెద్దన్నా, అవ్వ ఏమన్నది? బెంగ అంటే ఏంది?"

పెద్దన్న ఆలోచించాడు. "దూరంగా ఉన్నోళ్ల కోసం మనసు పీకుతాది సూడు, అది."

"గట్లనా. మా దిక్కు రంది అంటం. మా అమ్మ ఫోన్ల రోజు చెప్తది, రంది పడకు బిడ్డా అని."

"మరి అదేరా" అన్నాడు పెద్దన్న. "ఇంకోసారెట్టు."

తమ్ముడు కంట్రోలర్‌తో వెనక్కి తిప్పాడు. ఆ ముసలమ్మ మళ్లీ వచ్చింది, మళ్లీ చెప్పింది. మూడుసార్లు పెట్టించుకున్నాడు. మొదటిసారి మాట కోసం విన్నాం. తర్వాత రెండుసార్లు ఎందుకో అందరికీ తెలుసు.

ఆ రాత్రి నాకు మీరు గుర్తొచ్చారు. ఒకే భాష మాట్లాడే ఇద్దరికి కూడా ఒకరి మాట ఒకరికి తెలియలేదు. అడిగితే తెలిసింది. పక్కన చెప్పే మనిషి ఉన్నాడు కాబట్టి తెలిసింది. మీ ఇళ్లలో కూడా వీడియోలు ఉంటాయి. మారిషస్‌లో దీపం చుట్టూ తిరుగుతూ చేసిన రామభజనం, అమ్మోరు పండగ, డర్బన్‌లో పెళ్లి, ఫిజీలో నాయనమ్మ వంట చేస్తూ చెప్పిన కబుర్లు. వాటిలో తెలుగు మాటలు ఉంటాయి. వాటి అర్థం చెప్పగలిగే పెద్దలు ఇప్పుడు మీ పక్కన ఉన్నారు. వీడియో ఎన్నేళ్లయినా ఉంటుంది. చెప్పేవాళ్లు ఉండరు.

అందుకని ఈ నెల మీకు ఒక పని ఇస్తున్నాను.

మీ ఇంట్లో పిల్లల ఆటల కోసం కొన్న ప్లేస్టేషన్ గానీ ఎక్స్‌బాక్స్ గానీ ఉంటే దాన్ని వాడండి. ప్లేస్టేషన్ 3లో పద్ధతి పైన చెప్పాను. ప్లేస్టేషన్ 4కు 2015లో మీడియా ప్లేయర్ అనే యాప్ వచ్చింది, ఎక్స్‌బాక్స్ వన్‌లోనూ అలాంటిది ఉంది. వాటిని దించుకుంటే కంప్యూటర్లోని వీడియోలు కనబడతాయి. ప్లేస్టేషన్ 5 అయితే ప్లెక్స్ అనే యాప్ వేసుకుని, కంప్యూటర్లో ప్లెక్స్ సర్వర్ పెట్టుకోవాలి. ఇవన్నీ ఇంట్లో చిన్నవాళ్లకు త్వరగా వస్తాయి. వాళ్లనే చేయనివ్వండి.

వీడియో మార్చేటప్పుడు అసలు ఫైలును చెరపకండి. అది ఒక చోట, దాని నకలు ఇంకో చోట ఉంచండి.

చూసేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లను మధ్యలో కూర్చోబెట్టండి. కంట్రోలర్ పిల్లల చేతికి ఇవ్వండి. పది నిమిషాలు చాలు. తెలియని మాట రాగానే ఆపండి. "నాయనమ్మా, ఇప్పుడు ఏమన్నావు?" అని అడగండి. చెప్పిన మాటను పుస్తకంలో రాసుకోండి. ఎవరి నోట విన్నారో కూడా రాయండి.

ఒక్క జాగ్రత్త. నాయనమ్మ మాట మీ తెలుగు పుస్తకంలో మాటలా లేకపోతే ఆమెను దిద్దకండి. పుస్తకంలో 'ఏమిటి' అని ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు 'ఏటి' అంటారు. తెలంగాణలో 'ఏంది' అంటారు. మూడూ తెలుగే. మీ ఇంట్లో ఏ మాట మిగిలిందో చూస్తే మీవాళ్లు ఏ వైపు నుంచి వచ్చారో కొంత తెలియవచ్చు.

మా గదిలో ఇప్పుడు ప్రతి శుక్రవారం ముందు ఒక వీడియో, తర్వాతే ఫుట్‌బాల్. వచ్చే వారం కరీంనగర్ తమ్ముడి వంతు. వాళ్ల ఊరి బతుకమ్మ వీడియో వస్తుంది. పెద్దన్న అప్పుడే అడుగుతున్నాడు, "అందులో మాటలు నాకర్థమవుతాయేటి?" అని.

ఈ నెల మాటలు

రేవు: ఓడలు, పడవలు ఆగే చోటు. ఏట్లో దిగి స్నానం చేసే చోటును కూడా రేవు అంటారు.

వడ్డించు: అన్నం, కూరలు తెచ్చి విస్తట్లో పెట్టు. "అమ్మ అన్నం వడ్డించింది."

అప్పగింతలు: పెళ్లి చివర అమ్మాయిని అత్తవారి చేతిలో పెట్టడం. అప్పగించు అంటే ఒకరి చేతికి ఇచ్చి, ఇక మీరు చూసుకోండి అని చెప్పడం.

బెంగ: దూరంగా ఉన్నవాళ్ల కోసం పడే దిగులు. "పిల్లవాడు అమ్మ మీద బెంగ పెట్టుకున్నాడు."

రంది: తెలంగాణలో బెంగకు, దిగులుకు వాడే మాట. "రంది పడకు బిడ్డా."

నకలు: ఉన్నదాన్ని చూసి అలాగే చేసిన ఇంకొకటి.

వచ్చే నెల మళ్లీ కలుద్దాం. అప్పటిదాకా మీ ఇంట్లో విన్న ఒక్క కొత్త మాట రాసి పంపండి. బెంగ పెట్టుకోకండి. రంది పడకండి.