తడిసిన చెక్కకు ఎండే శత్రువు

వరద తగ్గి ఎండ కాయగానే తడిసిన సామానంతా వాకిట్లో పరుస్తాం. బట్టలకు, గిన్నెలకు అది సరే. కొలత ప్రకారం చేసిన చెక్క పనిముట్లకు మాత్రం, నా ఉద్దేశంలో, నీటి కంటే ఆ ఎండే ఎక్కువ చేటు చేస్తుంది.

జంషెడ్‌పూర్‌కు, ఆదిత్యపూర్‌కు మధ్య ఖర్కాయ్ నది పారుతుంది. అది పొంగితే పల్లపు ప్రాంతాలు మునుగుతాయి. ఆదిత్యపూర్ పారిశ్రామిక వాడలో ఫౌండ్రీలూ ఉన్నాయి. కరిగిన ఇనుము పోసే ఇసుక అచ్చుకు ఆకారం ఇవ్వడానికి వాడేవాటిలో చెక్క ప్యాటర్న్ ఒకటి. పోత ఇనుము చల్లారేటప్పుడు సుమారు 1 శాతం కుంచించుకుపోతుంది కాబట్టి ప్యాటర్న్‌ను ఆ మేరకు పెద్దదిగా చేస్తారు. ఇంత లెక్కగా చేసిన చెక్క నాలుగు రోజులు నీళ్లలో నానితే?

చెక్కలో నీరు కణాల ఖాళీల్లోనూ, కణాల గోడల్లోనూ ఉంటుంది. ఖాళీల్లోని నీరు పోయినా కొలత పెద్దగా మారదు. తేమ సుమారు 30 శాతానికి దిగాక గోడల్లోని నీరు పోతుంది. కుంచింపు అప్పుడే మొదలవుతుంది. అదీ అన్ని వైపులా సమానంగా ఉండదు. పచ్చి టేకు పూర్తిగా ఎండితే వలయాల వెంబడి 5 శాతానికి పైగా, వాటికి అడ్డంగా సుమారు 2.5 శాతం తగ్గుతుంది. పొడవు దాదాపు మారదు. పలక వంకర తిరిగేది అందుకే. ఎండలో పైపొర ముందే ఆరి కుంచించుకోవాలని చూస్తుంది, తడిగా ఉన్న లోపలి భాగం దాన్ని కదలనివ్వదు. దాంతో పైపొర పగులుతుంది.

కాబట్టి బురద గట్టిపడకముందే మంచినీటితో కడగాలి. నీడలో, సమాన మందం ఉన్న పుల్లల మీద, రెండు ముఖాలకూ గాలి తగిలేలా పేర్చాలి. గాలాడని గదిలో మూసి పెడితే మాత్రం బూజు ఖాయం. తేమ 20 శాతం లోపుకు దిగితే కుళ్లు భయం తగ్గుతుంది. కానీ పని అక్కడితో అయిపోదు. చుట్టూ ఉన్న గాలితో తేమ కుదుటపడేదాకా చిత్రిక పట్టడం, పగుళ్లు పూడ్చడం, రంగు వేయడం వద్దు. దళసరి చెక్కకు ఇందుకు వారాలు పడుతుంది.

ఆర్డరు ఆగిపోయిన చిన్న యజమానిని అన్ని వారాలు ఓపిక పట్టమనడం తేలికే. చెక్క ఆరిందో లేదో చేత్తో తాకి చెప్పలేం. తేమ మీటరు చెబుతుంది. దాని ధర కొన్ని వేల రూపాయలే అయినా, ఏ వరదకో ఒకసారి వాడేదాన్ని ప్రతి షెడ్డువాళ్లూ కొనరు. పక్కనే గమ్హరియాలో ఇండో డానిష్ టూల్ రూమ్ ఉంది. అలాంటి సంస్థలే నాలుగు మీటర్లు, వాటిని వాడటం తెలిసిన ఒక మనిషిని వానాకాలానికి ముందే సిద్ధంగా ఉంచాలి. నీళ్లు తీశాక మోటార్ల సంగతి చూడటానికి మెకానిక్ వస్తాడు, ప్యాటర్న్‌ల సంగతి అడిగేవాళ్లూ ఉండాలి.