నడిమి పెట్టెలవాళ్లు ఏం చేస్తున్నారు?

సూరత్ జిల్లా జోల్వాలో మా చిన్నాన్న మగ్గాల కార్ఖానాలో పనిచేస్తాడు. సెలవుల్లో వెళ్లినప్పుడు ఆయన గదిలో నా ఫోన్లో ‘స్నోపియర్సర్’ చూశాం. బాంగ్ జూన్-హో 2013లో తీసిన సినిమా. భూమి గడ్డకట్టాక మిగిలిన మనుషులంతా ఆగని ఒకే రైల్లో బతుకుతుంటారు. ముందు పెట్టెల్లో విందులు, చిట్టచివరి పెట్టెకు బొద్దింకలతో చేసిన ముద్దలు. ఎదురుతిరిగిన వాడి చేయి మంచులో గడ్డకట్టించి పగలగొడతారు. ఒక మంత్రి చెప్పును నెత్తిన పెట్టించి, దీని చోటు కాలి దగ్గరేనని ఉపన్యాసమిస్తుంది. పురుషసూక్తం తెలిసినవాళ్లకు ఇది కొత్త పాఠం కాదు.

అంతా చూసి చిన్నాన్న ఒక్కటే అడిగాడు: “గది సరే గని, నడిమి డబ్బాలోల్లు ఏం జేస్తుండ్రురా?”

సినిమా సరిగ్గా జవాబివ్వని ప్రశ్న అది. రైలును విల్‌ఫర్డ్ ఒక్కడే నడపడం లేదు. తన వెనక ఇంకో పెట్టె ఉందన్న తృప్తే ప్రతి పెట్టెనూ నోరెత్తనివ్వదు. అంబేడ్కర్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానత ఇదే. కులం పనిని మాత్రమే కాదు, పనిచేసేవాళ్లనే విడదీస్తుందని ఆయన ‘కుల నిర్మూలన’లో 1936లోనే తేల్చారు.

తెలంగాణ పద్మశాలీలు తరాలుగా సూరత్ మగ్గాల మీద బతుకుతున్నారు. మాదిగ అయిన చిన్నాన్న ఊరివాళ్ల వెంటే ఇక్కడికొచ్చాడు. ఒకే షెడ్డులో పన్నెండు గంటలు అందరూ కలిసే నిలబడతారు. అద్దె గది దగ్గర మాత్రం కులం అడుగుతారు. 2020 ఏప్రిల్ లాక్‌డౌన్‌లో జీతాలివ్వండి, ఊళ్లకు పంపండి అంటూ సూరత్ వలస కార్మికులు రోడ్డెక్కారు. ఆ కొద్దిరోజులు ఎవరూ ఎవరి కులమూ అడగలేదంటాడు చిన్నాన్న. మగ్గాలు మళ్లీ తిరిగాయి, పెట్టెలూ మళ్లీ వచ్చాయి.

సినిమాలో కర్టిస్ ఇంజిన్ దాకా వెళ్తాడు. తీరా చూస్తే ఆ తిరుగుబాటు కూడా విల్‌ఫర్డ్ లెక్కలోదే. పైగా ఇంజిన్ నువ్వే నడుపుకోమంటాడు. నామ్‌గుంగ్ మిన్సు చూపు మాత్రం మొదటినుంచీ పక్క తలుపు మీదే. దాన్ని పేల్చి బయటపడాలనుకుంటాడు. 1935లో యేవలాలో హిందువుగా చావనని ప్రకటించి, 1956లో నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్న అంబేడ్కర్ ఎంచుకున్నదీ ఆ తలుపునే.

క్యాంపస్‌లో మనం నియంతృత్వం గురించి చాలా మాట్లాడతాం. వేలు ఎప్పుడూ ఇంజిన్ వైపే చూపిస్తాం. మనం కూర్చున్న పెట్టె వెనక తలుపుకు గొళ్లెం ఎవరు వేశారో కూడా చూడాలి. చిన్నాన్న ప్రశ్న మనకే.