మీసము ఎవరి సొత్తు?

పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరపు కొసను, సముద్రాన్ని ఆనుకొని కురుచికుప్పం అనే పేట ఉన్నది. జాలరుల పల్లెను కుప్పమనడం ఈ తీరంలో వాడుక. అక్కడ వల బాగుచేసుకొనే మనిషి మీసము పెంచినాడా, గొరిగించినాడా అని విచారించవలెనని ఏ శాస్త్రవేత్తకూ తోచలేదు. అక్కడికి నడిచి పోదగినంత దూరంలో 1908 నుంచి 1918 వరకు తలదాచుకొన్న ఒక కవి మీసము సంగతి వేరు. సుబ్రహ్మణ్య భారతి శ్రోత్రియుల ఇంట పుట్టినవాడు. 1898లో కాశికి పోయి, అక్కడ ఉన్న నాలుగేండ్లలో పిలక తీసివేసి, మీసము పెంచి, తలపాగ చుట్టినాడు. ఆయనకు ఆశ్రయమిచ్చిన బంధువులకే అది మింగుడు పడలేదు. జాలరి ముఖాన వెంట్రుకలుగా ఉన్నవి ఈయన ముఖాన అపరాధమైనవి.

ఇంత తేటయైన సంగతిని మరచి, మీసము తెలుగువాని సనాతన పౌరుషచిహ్నమనీ, నున్నని ముఖము ఇంగ్లీషువాడు తెచ్చిన జాడ్యమనీ వేదికలెక్కి ఉపన్యసించేవారు నేటికీ ఉన్నారు. వారు ఏ తాతలను తలచుకొని ఈ మాట అంటున్నారు? వైదికుల ఇండ్లలో నున్నని ముఖమే ఆచారము. కరణీకము చేసే నియోగి మీసము పెంచితే ఊరు ఊరకున్నది. వేదము చెప్పే వైదికుడు పెంచితే ముక్కున వేలు వేసుకొన్నది. ఇంగ్లీషువాని ఓడ ఈ రేవులకు రాక పూర్వమే మంగలికత్తి మన ఊళ్ళలో ఉన్నది. భాషలో కూడ మన పౌరుషవాదులకు పూర్తి ఆధారము దొరకదు. హిందీలో పరువు పోవడాన్ని మీసము దిగిపోవడమంటారు. తప్పు చేసినవాడు తన గడ్డములో గడ్డిపరక ఉన్నదేమోనని తడుముకొంటాడు. ఆ సామెతను తెలుగు చేయబోతే గడ్డము మాయమై, గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకొంటాడు. మీసము మెలివేయడము మనకూ ఉన్నమాట నిజమే. దానితోపాటే, మింగ మెతుకు లేదు గాని మీసాలకు సంపెంగ నూనె అన్న వెక్కిరింత కూడ మనదే.

తెలుగులో మీసానికి అసలైన గౌరవము తెచ్చినవారు ఇద్దరు వైదికులు. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి. వీరిలో వేంకటశాస్త్రి బాల్యమున చదువుకొన్నది యానాములో. గోదావరి ఒడ్డునున్న ఆ తెలుగు ఊరు ఆనాడు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. 1954లో ఆ పాలన తొలగిన పిదప ఈనాటికీ పుదుచ్చేరి పాలనలోనే ఉన్నది. అక్కడి వేంకటేశ్వరస్వామిని జనము మీసాల వెంకన్న అని పిలుచుకొంటారు. దేవునికి చెల్లిన మీసము దేవుని భక్తునికి ఎందుకు చెల్లలేదని బాలుడైన వేంకటశాస్త్రి అడిగినాడో లేదో గాని, పెద్దవాడైన పిదప జంటకవులిద్దరూ మీసాలు పెంచినారు. ఆక్షేపణకు వారిచ్చిన సమాధానము ఒక పద్యమై తెలుగుదేశమంతా పాకినది. దోషమని ఎరిగే పెంచినామని వారు ముందే ఒప్పుకొన్నారు. సంస్కృతాంధ్రములు రెంటిలోను తామే కవీంద్రులమని తెలుపడానికి పెంచినామన్నారు. కోపము వస్తే తమను గెలువుమన్నారు. గెలిచిన కవికి మీసాలు తీసి మ్రొక్కుతామన్నారు.

ఈ పద్యాన్ని పౌరుషానికి ఉదాహరణగా వల్లించేవారు దాని షరతును మాత్రము వదలిపెడతారు. అది పందెము కాచిన మీసము. విద్యలో ఓడితే పోయే మీసము. అవధాన సభలో ఏ మూలనుంచైనా ఒక సమర్థుడు లేచి దానిని తీయించవచ్చును. నేటి మీసగాళ్ళు ఏ సభలో ఏమి పందెము కాచినారు? వారి మీసము పుట్టుకతో వచ్చినది. ఏ ఓటమి వల్లను పోనిది. ఒక చిక్కు మాత్రము ఉన్నది. ఆ కవులు దోషమని ఒప్పుకొని కూడ సంస్థానాలలో సత్కారాలు పొందగలిగినారు. విద్యతోపాటు కులము కూడ వారికి అండగా నిలిచినది. అదే దోషము మాలపల్లెలో ఒకడు చేసియుంటే పద్యము చెప్పే అవకాశము ఇచ్చేవారా? భారతికి ఈ చిక్కు తెలిసినట్లున్నది. తనకు కూడదన్న మీసమును తాను పెంచిన ఆ మనిషే, పుదుచ్చేరిలో ఉన్న కాలముననే, హరిజనుడైన కనకలింగానికి కూడదన్న జందెమును తన చేతులతో వేసినాడు. రెండు పనులూ ఒక్కటే.

ఈ తగవు మన దేశానికే పరిమితము కాదు. తల్లిదండ్రులిచ్చిన దేహమునకు, కేశములకు హాని చేయరాదన్న కన్ఫ్యూషియస్ సంప్రదాయము గల చైనాలో గడ్డము పెద్దరికానికి గురుతు. 1911 విప్లవము తరువాత జడలు తెగినవి, ముఖాలు నునుపెక్కినవి. 1924లో లూ షున్ గడ్డాల మీద ఒక వ్యాసము వ్రాసినాడు. మీసపు కొసలు పైకి లేస్తే జపానువారిని అనుకరించినావన్నారట; క్రిందికి వ్రాలితే ఛాందసుడవన్నారట; సమముగా కత్తిరించిన పిదప ఎవరూ ఏమీ అనలేదట. స్త్రీపాత్రలకు జగత్ప్రసిద్ధుడైన నటుడు మే లాన్‌ఫాంగ్ యుద్ధకాలమున జపానువారి ఎదుట ఆడనొల్లక మీసము పెంచినాడు. 1945లో వారు ఓడిన తరువాతనే తీసినాడు. ఆ దేశములోనే షింజియాంగ్ ప్రభుత్వము 2017లో ‘అసాధారణమైన’ గడ్డమును చట్టముతో నిషేధించినది. ఏది సాధారణమో నిర్ణయించేవాడు గడ్డము గలవాడు మాత్రము కాడు.

మలయాళములో ఎస్. హరీష్ వ్రాసిన ‘మీశ’ నవలకు ఇదే ప్రాణము. కుట్టనాడులో ఒక పులయ యువకుడు నాటకములో పోలీసు వేషానికై మీసము పెంచుతాడు. నాటకము ముగిసినా తీయనంటాడు. ఊరు వణికిపోతుంది. వేషములో ఉన్నంతసేపు వినోదమైన మీసము వేషము విప్పగానే తిరుగుబాటు అయినది. 2018లో ఈ నవల వారపత్రికలో వెలువడుతుండగా బెదిరింపులు వచ్చి మధ్యలో ఆగిపోయినది. ఆ బెదిరింపులకు నెపము మీసము కాదు, నవలలోని మరొక సంభాషణ. న్యాయానికి ఈ మాట చెప్పవలసి ఉన్నది. అదే ఏడు సుప్రీముకోర్టు దానిని నిషేధించ నిరాకరించినది. 2020లో దాని ఇంగ్లీషు అనువాదానికి జేసీబీ బహుమానము వచ్చినది. తెలుగు పాఠకులు ఈ నవలను కథ అనుకొని నిశ్చింతగా మూసిపెట్టడానికి వీలు లేదు. అది వెలువడడానికి ఒక సంవత్సరము ముందు, 2017లో, గుజరాతులోని లింబోదరా గ్రామములో మీసము పెంచినందుకు దళిత యువకులను కొట్టినారు.

అక్కడ ఎవరూ దోషమని ఒప్పుకోలేదు. మీసాలు తీయనూ లేదు. కొద్ది దినాలలోనే గుజరాతులోని దళిత యువకులు అనేకులు తమ ఫోనులలో ముఖచిత్రము ఉండే చోట ఒక మెలిదిరిగిన మీసము, దానితో ఒక కిరీటము బొమ్మ పెట్టుకొన్నారు. దానిపై వ్రాసినది రెండు మాటలు: ‘మిస్టర్ దళిత్’.