పేరు చూసి కాదు, కర్ర చూసి బ్యాటు కొనాలి

సంక్రాంతి దగ్గర పడుతోందంటే పల్లెల్లో క్రికెట్ పోటీల సందడి మొదలవుతుంది. కోతలైన మళ్లలో పిచ్ చదును చేసుకోవడం, జట్టు కట్టడం, ఇంటింటికీ తిరిగి చందాలు పోగు చేయడం యువకులకు ఏటా ఉన్న పనే. ఆ చందా డబ్బులో పెద్ద భాగం బ్యాటుకే పోతుంది. పట్నంలోని ఆటసామానుల దుకాణానికి వెళ్లిన కుర్రవాళ్లు ముందుగా అడిగేది ‘ఏ బ్రాండు మంచిది?’ అనే. అసలు అడగవలసింది అది కాదు. ‘ఇది ఏ కర్ర? ఏ బంతికి పనికి వస్తుంది?’ అని అడగాలి. ఈ రెండు మాటలూ అడగనందువల్లనే కూలి డబ్బు కూడబెట్టి కొన్న బ్యాట్లు నాలుగు ఆటలైనా ఆడకముందే చీలి మూలన పడుతున్నాయి.

నాగలి చేయించుకునే రైతు వడ్రంగి పేరు ఒక్కటే చూసి ఊరుకోడు. తుమ్మ కర్రకు చేవ ఉందా, పచ్చిగా ఉందా, ఎక్కడైనా పగులు ఉందా అని తట్టి చూస్తాడు. నాగలి విషయంలో తండ్రి చూపే ఆ జాగ్రత్త బ్యాటు విషయంలో కొడుకు చూపకపోవడం విచారకరం.

అంటించిన పేరుకు విలువెంత?

పెద్ద ఆటగాళ్ల బ్యాట్ల మీద కనిపించే పేర్లు చాలా వరకు ప్రకటనలు. సచిన్ టెండూల్కర్ బ్యాటు మీద ఏళ్ల తరబడి కనిపించిన ఎం.ఆర్.ఎఫ్. టైర్ల కంపెనీ. రోహిత్ శర్మ బ్యాటు మీద కనిపించిన సియట్ కూడా టైర్ల కంపెనీయే. ఆ పేరు అక్కడ ఉంచుకున్నందుకు కంపెనీ ఆటగాడికి డబ్బు చెల్లిస్తుంది. ఆ పేరు చూసి మోజుపడే కుర్రవాడు మాత్రం తానే ఎదురు డబ్బు చెల్లిస్తాడు. 1996 ప్రపంచ కప్‌లో 523 పరుగులు చేసి అందరికంటే ముందు నిలిచిన సచిన్ బ్యాటు మీద ఏ కంపెనీ ప్రకటనా లేదన్న సంగతి గమనార్హం. పరుగులు చేసింది చేతులు, కర్ర, కాగితం కాదు.

పేరున్న సంస్థల సరుకంతా దండుగ అనడం దీని ఉద్దేశం కాదు. 1947లో దేశ విభజన జరిగాక సియాల్‌కోట్ నుంచి తరలివచ్చిన పనివారి చేతుల మీదుగా మీరట్, జలంధర్ పట్టణాలు ఆటసామానులకు పేరు పొందాయి. కర్రను బాగా ఆరబెట్టి, నాణ్యతను బట్టి వేరుచేసి, పిడి చక్కగా అతికే సంస్థలు అక్కడ ఉన్నాయి. అయితే ఒకే పేరు మీద అతి చవక బ్యాటూ వస్తుంది, అతి ఖరీదు బ్యాటూ వస్తుంది. పేరు ఒక్కటే గనుక సరుకూ ఒక్కటే అనుకుంటే పొరపాటు. పైగా నిబంధనల ప్రకారం ఎవరు చేసినా బ్యాటు పొడవు 38 అంగుళాలు, వెడల్పు 4.25 అంగుళాలు మించరాదు. 2017 నుంచి అంచు మందానికి కూడా 1.56 అంగుళాల హద్దు పెట్టారు. కొలతల్లో ఎవరికీ మినహాయింపు లేనప్పుడు తేడా అంతా కర్రలోనూ పనితనంలోనూ ఉంటుంది.

మూడు రకాల కర్ర

బ్యాటుకు వాడే మంచి కర్ర విల్లో అనే చెట్టుది. ఇది చలి ప్రాంతాలలో, తేమ నేలల్లో పెరుగుతుంది. ఇంగ్లండులో పెరిగే విల్లో తెల్లగా, తేలికగా, మెత్తగా ఉండి బంతిని బాగా విసురుతుంది. చెట్టు కోతకు రావడానికి పదిహేనేళ్లు, ఆపైన పడుతుంది. అందుకే దాని ధర ఎక్కువ. కాశ్మీరు విల్లో కొంచెం గోధుమ రంగులో, బరువుగా, గట్టిగా ఉంటుంది. అనంతనాగ్ జిల్లాలోని బిజ్‌బెహారా, సంగం ప్రాంతాలలో రోడ్డు పక్కనే బ్యాట్లు చేసే కార్ఖానాలు ఉన్నాయి. దీని ధర ఇంగ్లీషు విల్లో ధరలో కొద్ది భాగమే.

మూడోది పోప్లార్. ఇది విల్లో కాదు. చవక బ్యాట్లకు దీనిని వాడతారు. టెన్నిస్ బంతితో ఆడుకోవడానికి పనికి వస్తుంది గాని తోలు బంతి దెబ్బకు నిలవదు. దీనినే విల్లో అని అంటగట్టే వర్తకులతో జాగ్రత్తగా ఉండాలి. కర్ర గీతలు కనిపించకుండా ముందు వైపంతా రంగుల కాగితం కప్పిన బ్యాటును అనుమానించడమే మంచిది. కర్ర చూపడానికి జంకే సరుకు కొనకపోతే నష్టం లేదు.

బంతిని బట్టి బ్యాటు

టెన్నిస్ బంతి 58 గ్రాముల లోపు, పైన ఉంటుంది. తోలు బంతి 156 నుంచి 163 గ్రాములు. అంటే రెండున్నర రెట్ల పైచిలుకు బరువు. ఒకే బ్యాటుతో రెండూ ఆడాలనుకోవడం ఎడ్లబండికి లారీ బరువు ఎత్తడం వంటిది. పల్లెల్లో ఎక్కువగా వాడే కార్క్ బంతి మరీ గట్టిది. ఖరీదైన ఇంగ్లీషు విల్లో బ్యాటుతో కార్క్ బంతి ఆడితే అది త్వరగా పగులుతుంది. కనుక తోలు బంతి, కార్క్ బంతి ఆడే పల్లె జట్లకు మంచి కాశ్మీరు విల్లో బ్యాటే తగినది. అప్పు చేసి ఇంగ్లీషు విల్లో కొనవలసిన అవసరం ఎంతమాత్రం లేదు.

చేతిలోకి తీసుకొని చూడాలి

దుకాణంలో బ్యాటును గాజు పెట్టె అవతల నుంచి చూసి కొనరాదు. ముందు వైపు గీతలు పిడి నుంచి కింది కొస దాకా నిటారుగా ఉన్నాయా అని చూడాలి. ముడులు, సన్నని పగుళ్లు వెదకాలి. పిడి బ్యాటులోకి దిగిన చోట సందు ఉండకూడదు. పిడి బెత్తంతో చేసినదై, పట్టుకొని వంచితే కొద్దిగా సాగాలి. పెద్దవాళ్ల బ్యాట్లు సాధారణంగా 1100 నుంచి 1300 గ్రాముల మధ్య ఉంటాయి. అయితే తూకం కంటే ఎత్తు ముఖ్యం. పై చేయి ఒక్కదానితో పట్టి అయిదారుసార్లు ఊపినా చేయి లాగకపోతే అది తగిన బ్యాటు.

‘పెరిగే పిల్లవాడు గదా’ అని చొక్కా కొన్నట్లు పెద్ద బ్యాటు కొనివ్వడం తల్లిదండ్రులు మానుకోవాలి. బరువైన బ్యాటు పిల్లవాడి మణికట్టును, భుజాన్ని బాధపెడుతుంది, ఆటను చెడగొడుతుంది. బ్యాటును కాలి పక్కన నిలబెడితే పిడి కొస తొడ మొదలు దాకా రావాలి. అంతకు మించితే అది అతనిది కాదు.

కొన్న తర్వాత చేయవలసినది

కొత్త విల్లో బ్యాటుతో ఆ రోజే కొత్త బంతి ఆడరాదు. కాచని అవిసె నూనె పలుచగా పట్టించి, పడుకోబెట్టి ఆరనివ్వాలి. పిడికి, అతుకుకు నూనె తగలనివ్వకూడదు. తర్వాత కొయ్య సుత్తితో మెల్లగా మొదలుపెట్టి క్రమంగా బలం పెంచుతూ కొన్ని గంటలు తట్టాలి. ఆపైన పాత బంతితో ఆడి చూడాలి. మంచు పడిన మడిలో, తడి నేలపై కింది కొస నీరు పీల్చి ఉబ్బుతుంది, చీలుతుంది. బ్యాట్లు చాలా వరకు పాడయ్యేది అక్కడే. పడిశాలలో గోడకు ఆనించి ఎండకు, వానకు వదిలేసిన బ్యాటు ఎంత పేరున్నదైనా ఏడాది నిలవదు.

బ్యాటు కంటే తల విలువైనది

అన్నిటికంటే శోచనీయమైన విషయం మరొకటి ఉంది. పేరున్న బ్యాటు కోసం చందా అంతా ఖర్చు పెట్టే జట్లలో ఒక్క హెల్మెట్ కూడా ఉండటం లేదు. కాళ్లకు ప్యాడ్లు లేవు, చేతులకు గ్లోవ్స్ లేవు. కార్క్ బంతి కంటికి తగిలినా, కణతకు తగిలినా ఏమవుతుందో చెప్పనవసరం లేదు. భారత జట్టుకు ఆడిన రమణ్ లాంబా 1998లో ఢాకాలో హెల్మెట్ లేకుండా దగ్గరగా ఫీల్డింగ్ చేస్తూ తలకు బంతి తగిలి మరణించాడు. అంతటివాడికి తప్పని ప్రమాదం పల్లె కుర్రవాడికి మాత్రం తప్పుతుందా? బ్రాండు మోజుకు పెట్టే అదనపు డబ్బుతో జట్టుకు హెల్మెట్లు, రెండు జతల ప్యాడ్లు, గ్లోవ్స్ సమకూర్చుకోవచ్చు. అవి కొనలేనంత కాలం టెన్నిస్ బంతితో ఆడుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

బిల్లు అడగడం హక్కు

వర్తకులు బిల్లు మీద బ్యాటు పేరుతో పాటు ఏ కర్రో కూడా రాసి ఇవ్వాలి. కొనేవారు అది అడిగి రాయించుకోవాలి. ఒక కర్ర పేరు చెప్పి మరొకటి అమ్మితే అది మోసమే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు విలువకు ఫీజు కూడా లేదు. 1915 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. అయితే చేతిలో బిల్లు లేకపోతే ఫిర్యాదు నిలవడం కష్టం.

పాఠశాలల వ్యాయామోపాధ్యాయులు ఆట నేర్పడంతో పాటు ఆటసామాను ఎంచుకోవడం కూడా పిల్లలకు నేర్పడం ఎంతైనా అవసరం. పోటీలు నిర్వహించే గ్రామ పెద్దలు హెల్మెట్ లేనిదే కార్క్ బంతితో ఆడనివ్వబోమని కట్టడి చేయాలి. చందా ఇచ్చే రైతు, కూలీ ఆ డబ్బు దేనికి ఖర్చయిందో అడగాలి. బ్యాటు మీద కాగితం ఒక వానకు ఊడిపోతుంది. మంచి కర్ర నాలుగు సంక్రాంతులు నిలుస్తుంది.